వ్యాపార వెబ్‌సైటుకు బ్యాక్‌లింకులు: విజయవాడ, గుంటూరుల్లో అవి ఎక్కడ దొరుకుతాయి?

విజయవాడ, గుంటూరుల్లో వెబ్‌సైటు ఉన్న ప్రతి వ్యాపారికీ ఏదో ఒక రోజు ఇలాంటి సందేశం వచ్చే ఉంటుంది: నెల రోజుల్లో వెయ్యి బ్యాక్‌లింకులు, గూగుల్ మొదటి పేజీలో చోటు ఖాయం, ఖర్చు కొన్ని వేల రూపాయలే. సంఖ్య పెద్దది, ధర చిన్నది, హామీ గట్టిది. ఈ మూడూ ఒకేచోట కలిస్తే అనుమానించాల్సిందే. అయినా చాలామంది కొంటున్నారు. బ్యాక్‌లింకు అసలు ఎందుకు పనిచేస్తుందో వారికి ఎవరూ విడమరచి చెప్పకపోవడమే ఇందుకు కారణం. ఆ సంగతి అర్థమైతే ఏది కొనకూడదో వేరే చెప్పనక్కర్లేదు. ఈ రెండు ఊళ్ల వ్యాపారుల దగ్గర అంతకంటే విలువైన సరుకు ఎంత ఉందో కూడా తెలిసివస్తుంది.

లింకును ఎందుకు లెక్కలోకి తీసుకుంటారు?

వేరొకరి వెబ్‌సైటులోని ఒక మాట మీద నొక్కితే మన వెబ్‌సైటు తెరుచుకునేలా ఏర్పాటు ఉంటే, అది మనకు బ్యాక్‌లింకు. తొలినాళ్ల సెర్చ్ ఇంజన్లు ప్రధానంగా పేజీలో ఉన్న మాటలనే చూసేవి. ఎవరి పేజీలో వారు ఏమైనా రాసుకోవచ్చు కాబట్టి ఆ పద్ధతిని మోసగించడం తేలిక. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థులుగా ఉన్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో వెలువరించిన పత్రంలో వేరే దారి చూపించారు. శాస్త్ర పరిశోధనల్లో ఒక పత్రాన్ని ఎంతమంది తమ పత్రాల్లో ప్రస్తావించారన్నదాన్ని బట్టి దాని విలువ కట్టడం అప్పటికే ఉన్న పద్ధతి. అదే సూత్రాన్ని వెబ్ పేజీలకు వర్తింపజేసి, దానికి పేజ్‌ర్యాంక్ అని పేరు పెట్టారు. గూగుల్ పుట్టింది ఆ పునాది మీదే.

ఆ లెక్కలో రెండు విషయాలు ముఖ్యం. మొదటిది, లింకు ఇచ్చిన పేజీకి ఎంత విలువ ఉందో దాన్నిబట్టే ఆ లింకుకూ విలువ వస్తుంది. రెండోది, ఒక పేజీ తన విలువను తాను ఇచ్చిన లింకులన్నింటికీ పంచుతుంది. పది లింకులున్న పేజీ నుంచి ఒక్కొక్కరికి అందే వాటా, ఐదు వందల లింకులున్న పేజీ నుంచి అందేదానికంటే ఎక్కువ. బజారులో అప్పుకు పూచీ పడటం లాంటిదే ఇది. ఎంతమంది పూచీ పడ్డారని ఎవరూ లెక్కపెట్టరు. పూచీ పడిన మనిషి మాట ఎంతవరకు చెల్లుతుందో చూస్తారు. ఊళ్లో ప్రతివాడికీ పూచీ పడే మనిషి మాటకు విలువ ఉండదు.

ఇరవై ఏడేళ్లకు పైబడిన ఆ సూత్రం ఇప్పటికీ అలాగే ఉందనుకోవడం పొరపాటు. ర్యాంకును నిర్ణయించే అంశాల్లో పేజీలోని విషయం, దానికి వచ్చే లింకులు అన్నిటికంటే ముఖ్యమని 2016లో గూగుల్ ప్రతినిధి ఆండ్రే లిపాట్సెవ్ చెప్పారు. 2023కి వచ్చేసరికి, అదే సంస్థకు చెందిన గ్యారీ ఇలియెస్ లింకులు మొదటి మూడు అంశాల్లో లేవన్నారు. పేజీలో ఏముందో యంత్రమే చదివి గ్రహించే శక్తి పెరిగే కొద్దీ, పక్కవారి సాక్ష్యం మీద ఆధారపడటం తగ్గుతూ వచ్చింది. అయితే తగ్గడం వేరు, పోవడం వేరు. ఒకే సరుకు గురించి ఒకే స్థాయిలో రాసిన రెండు పేజీలు పోటీపడినప్పుడు, బయటివారు గుర్తించిన పేజీ ముందుకు వస్తుంది. అసలు సరుకు లేని పేజీని మాత్రం లింకులు మోయలేవు.

ఊరి వ్యాపారాలకు ఇంకో లెక్క కూడా ఉంది. ఎవరైనా ఫోనులో దంతవైద్యుడి కోసమో పంపుసెట్ల దుకాణం కోసమో వెతికితే మ్యాపుతో పాటు కొన్ని పేర్లు కనిపిస్తాయి. వాటి వరుసకు మూడు ఆధారాలని గూగుల్ చెబుతోంది: వెతికినదానికి ఎంత సరిపోయే వ్యాపారం, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరున్నది. దూరాన్ని ఎవరూ మార్చలేరు. పేరును కొలిచేటప్పుడు కస్టమర్ల రివ్యూలతో పాటు బయటి వెబ్‌సైట్ల నుంచి వచ్చిన లింకులు, ప్రస్తావనలు కూడా లెక్కకు వస్తాయి. పటమటలో ఉన్న దుకాణానికి అంతర్జాతీయ పత్రికలో లింకు రాకపోయినా నష్టం లేదు. ఊళ్లోని నాలుగు మంచి సైట్లలో పేరు ఉంటే దాని స్థాయికి అది గట్టి బలమే.

వెయ్యి లింకుల మూటను విప్పి చూస్తే

ప్యాకేజీ అమ్మినవారు పని పూర్తయ్యాక ఒక ఎక్సెల్ పట్టిక పంపుతారు. దాన్ని తెరిచి అందులోని చిరునామాల్లో ఓ ఇరవైని నొక్కి చూసే ఓపిక చాలామందికి ఉండదు. నొక్కి చూస్తే కథంతా అక్కడే తెలిసిపోతుంది. బ్రాడీపేటలోని ఒక దంత వైద్యశాలకు అలాంటి ప్యాకేజీ తీసుకున్నారనుకుందాం. పట్టికలో మొదటిది ఎవరికీ తెలియని ఒక విదేశీ చర్చా వేదికలో తెరిచిన ఖాతా పేజీ. అందులో పేరు, లింకు తప్ప ఇంకేమీ లేదు. తర్వాతది ఎప్పుడో మూతపడిన సైటు పేరును మళ్లీ కొని, దాని మీద ఏవేవో వ్యాసాలు పేర్చిన పేజీ. వైద్యశాల లింకుకు పైన జూదం సైటు, కింద అప్పుల యాప్. ఆ తర్వాత వందల ఊళ్ల వ్యాపారాలను కుప్పపోసిన డైరెక్టరీ; దాన్ని తెరిచి చదివే మనిషి లేడు. అన్నిచోట్లా లింకు వేసిన మాటలు మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే: గుంటూరులో ఉత్తమ దంత వైద్యశాల అనే అర్థం వచ్చే ఆంగ్ల ముక్క. నిజంగా ఎవరికి వారు లింకు ఇస్తే ఒకరు వైద్యశాల పేరు రాస్తారు, ఇంకొకరు డాక్టరు పేరు రాస్తారు, మరొకరు ఉత్త చిరునామా అతికిస్తారు. వందమంది ఒకే మాట రాశారంటే రాసిన చెయ్యి ఒక్కటేనని యంత్రానికి కూడా తెలుస్తుంది.

ఇలాంటి లింకులను ఏరివేసేందుకు గూగుల్ 2012 ఏప్రిల్ 24న పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది. అప్పట్లో ఆ దెబ్బకు చాలా సైట్లు ర్యాంకులు కోల్పోయాయి. 2016 సెప్టెంబరులో పెంగ్విన్‌ను ప్రధాన వ్యవస్థలో కలిపేశారు. అప్పటినుంచి చెడ్డ లింకును చూసి సైటును శిక్షించడం కంటే, ఆ లింకును లెక్కలోంచి తీసేయడానికే గూగుల్ మొగ్గుచూపుతోంది. స్పామ్‌బ్రెయిన్ అనే కృత్రిమ మేధ వ్యవస్థ కూడా 2022 డిసెంబరు నుంచి లింకులను వడకట్టే పనిలో పడింది. కాబట్టి ప్యాకేజీ కొన్నవారిలో చాలామందికి కలిగే నష్టం శిక్ష రూపంలో కనిపించదు. డబ్బు పోతుంది, ఆరు నెలలు పోతాయి, ఫలితం సున్నా. కనిపించని నష్టం కావడంతో మళ్లీ ఇంకొకరి దగ్గర అదే ప్యాకేజీ కొంటారు. ఇది బాధాకరం.

అలాగని శిక్ష అసలే లేదనుకోకూడదు. గూగుల్ సిబ్బంది స్వయంగా పరిశీలించి చర్య తీసుకునే పద్ధతి ఇప్పటికీ ఉంది. అమెరికాలోని జె.సి. పెన్నీ దుకాణాల సంస్థకు సంబంధం లేని వేలాది పేజీల నుంచి లింకులు ఉన్నాయని 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. అప్పటిదాకా ఒక రకం ప్రయాణపు పెట్టెల కోసం వెతికితే మొదటి స్థానంలో ఉన్న ఆ సంస్థ, గూగుల్ చర్య తీసుకున్న రెండు గంటల్లో 71వ స్థానానికి పడిపోయింది. 2013లో బ్రిటన్‌లో పూల వ్యాపార సంస్థ ఇంటర్‌ఫ్లోరా ప్రేమికుల రోజు సమయంలో స్థానిక పత్రికల వెబ్‌సైట్లలో ప్రకటన వ్యాసాలు వేయించి, వాటిలో లింకులు పెట్టించుకుంది. కొద్ది రోజుల పాటు దాని సొంత పేరుతో వెతికినా ఆ సైటు కనిపించలేదు. డబ్బు తీసుకుని లింకులు ఇచ్చిన పత్రికల సైట్లకూ ఆ సెగ తగిలింది.

ఈ రెండో ఉదాహరణను తెలుగు వ్యాపారులు జాగ్రత్తగా చదవాలి. పండగకో, దుకాణం ప్రారంభానికో వార్తా పోర్టళ్లలో వార్తలా కనిపించే ప్రకటనలు వేయించుకోవడం మన దగ్గర మామూలే. ప్రకటన ఇవ్వడం తప్పు కాదు. దాన్ని చదివి దుకాణానికి వచ్చేవారు ఉంటే పెట్టిన ఖర్చుకు న్యాయం జరిగినట్టే. అయితే డబ్బిచ్చి పెట్టించుకున్న లింకుకు, దాన్ని ర్యాంకు లెక్కలో కలపవద్దని చెప్పే స్పాన్సర్డ్ అనో నోఫాలో అనో గుర్తు ఉండాలన్నది గూగుల్ నియమం. నోఫాలో గుర్తు 2005 నుంచి, స్పాన్సర్డ్ గుర్తు 2019 నుంచి వాడుకలో ఉన్నాయి. ఆ గుర్తు పాఠకుడికి కనిపించదు, పేజీ వెనుక కోడులో ఉంటుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వికీపీడియాల్లో బయటి లింకులకు నోఫాలో గుర్తు ఎలాగూ ఉంటుంది. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే లింకులు గూగుల్ కంటికి కనిపించనే కనిపించవు. వాటి ద్వారా మనుషులు వస్తారు. అదీ లాభమే, ర్యాంకు లెక్క మాత్రం వేరు.

అమ్మకందారులు చూపించే ఇంకో ఆకర్షణ డీఏ, డీఆర్ అనే అంకెలు. ఇవి ఒక సైటు ఎంత బలమైనదో మోజ్, అహ్రెఫ్స్ అనే ప్రైవేటు సంస్థలు సొంతంగా కట్టే అంచనాలు. గూగుల్ వీటిని వాడదు. ఈ అంకెలను కృత్రిమంగా పెంచడం పెద్ద కష్టమూ కాదు. అంకె కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ పేజీని మన వ్యాపారంతో పని ఉన్న మనిషి ఎవరైనా చదువుతాడా?

లింకు ఇవ్వదగ్గ పేజీ ఎలా ఉంటుంది?

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే సంస్థల వెబ్‌సైట్లలో చాలావాటికి ఒకే ముఖం. నాణ్యమైన గుంటూరు మిర్చిని ప్రపంచమంతటికీ పంపుతున్నామన్న వాక్యం, ఉచితంగా దొరికే ఫొటో, ఫోను నంబరు. దానికి లింకు ఇవ్వాలని కొచ్చిలోని మసాలా తయారీదారుకో, వ్యవసాయ విలేకరికో, లాం వ్యవసాయ విద్యార్థికో ఎందుకు అనిపిస్తుంది? ఇచ్చేందుకు కారణమే కనిపించదు. అదే వ్యాపారి యార్డులో ఒక కాయను విరిచి, వాసన చూసి, రంగు చూసి చెప్పగల విషయాలు ఎన్నో. ఆ జ్ఞానంలో వెబ్‌సైటు మీదకు ఎక్కింది చాలా తక్కువ.

ఆ పేజీని ఒక్కసారి ఊహించండి. తెల్ల కాగితం మీద పక్కపక్కనే తేజ, సన్నం 334, బ్యాడిగి కాయలు, కింద స్కేలు, పగటి వెలుతురులో తీసిన ఫొటో. తేజ చిన్నగా, సన్నగా ఉంటుంది, ఘాటు ఎక్కువ. బ్యాడిగి ముడతలు పడి ఉంటుంది, రంగు ఎక్కువ, కారం తక్కువ. భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నం ఈ రెంటి మధ్య నిలుస్తుంది; దాని ఘాటు సుమారు 35,000 నుంచి 40,000 స్కోవిల్ యూనిట్లు. కారాన్ని స్కోవిల్‌లో, రంగును ఆస్టా యూనిట్లలో ఎందుకు కొలుస్తారు? కొనేవాడు మిర్చి నుంచి రంగు, ఘాటు తీసే ఓలియోరెసిన్ కర్మాగారమైతే ఏ రకం అడుగుతాడు, పచ్చళ్లు పట్టేవాడైతే ఏది అడుగుతాడు? తొడిమ తీసిన కాయకు, తొడిమతో ఉన్న కాయకు ధరలో తేడా ఎందుకు? తాలు కాయ ఎంత శాతం ఉంటే సరుకు వెనక్కి వస్తుంది? దేశీయ ఆహార ప్రమాణాల ప్రకారం ఎండుమిర్చిలో తేమ 11 శాతం మించకూడదు. యూరప్‌కు పంపాలంటే బూజు వల్ల పుట్టే విషపదార్థమైన అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. కళ్లంలో కాయను నేల మీద కాకుండా టార్పాలిన్ మీద ఆరబెట్టడానికీ ఈ అంకెకూ ఉన్న సంబంధాన్ని గుంటూరు వ్యాపారి కంటే బాగా ఎవరు చెప్పగలరు?

అలాంటి పేజీకి లింకు ఇవ్వడానికి కారణాలు వాటంతటవే పుడతాయి. వంటల గురించి రాసేవారు బ్యాడిగికీ తేజకూ తేడా చెప్పాల్సి వచ్చినప్పుడు ఇస్తారు. ప్రాజెక్టు రిపోర్టు రాసే విద్యార్థి ఇస్తాడు. విదేశీ దిగుమతిదారు తన కొనుగోలుదారులకు రకాల తేడా వివరించేందుకు వాడుకుంటాడు. ధర పెరిగినప్పుడో పడినప్పుడో విలేకరికి ఆధారం కావాలి. ఈ చివరిదాని కోసం ఇంకొంత శ్రమ పడవచ్చు. యార్డుకు రోజూ ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి, ఏ రకం ఏ ధర పలికింది అనే అంకెలు ఎలాగూ బయటికి వస్తాయి. వాటిని వారానికోసారి ఒక పట్టికలో చేర్చి, పక్కన నాలుగు వాక్యాలు రాయాలి: శీతల గిడ్డంగుల్లో సరుకు కదులుతోందా, ఏ దేశం నుంచి బేరాలు వస్తున్నాయి, వానకు ఏ ప్రాంతంలో కాయ దెబ్బతిన్నది. అంకెలు అందరికీ దొరుకుతాయి, ఆ నాలుగు వాక్యాలు దొరకవు. రెండు మూడు సీజన్లు ఆగకుండా రాస్తే, గుంటూరు మిర్చి ధరల గురించి ఎవరు రాసినా ఆ పేజీని దాటి పోలేరు. వేసవిలో యార్డుకు సెలవులు ఇచ్చినప్పుడు పాత అంకెలను ఏడాదివారీగా ఒక గ్రాఫుగా మలిచే పని పెట్టుకోవచ్చు. విదేశీ కొనుగోలుదారుల కోసం ఆంగ్లంలో, రైతులూ తెలుగు విలేకరుల కోసం తెలుగులో, రెండు పేజీలూ ఉంటే మంచిది. తెలుగులో ఈ స్థాయి సమాచారం వెబ్‌లో ఇంకా చాలా తక్కువగా ఉంది కాబట్టి, ముందుగా రాసినవారికే పేరు.

ఆటోనగర్‌దీ ఇదే సంగతి. లారీ బాడీ కట్టే షెడ్డు యజమానికి ఏఐఎస్ 093 ప్రమాణం ఏం అడుగుతుందో, ఫిట్‌నెస్ పరీక్షలో రిఫ్లెక్టర్ టేపుల దగ్గరో, వెనుక రక్షణ కమ్మీ దగ్గరో బండి ఎందుకు ఆగిపోతుందో కంఠతా తెలుసు. ఆ విషయాన్ని లారీ యజమానికి అర్థమయ్యే తెలుగులో, ఫొటోలతో ఒక పేజీగా పెడితే రవాణా రంగానికి చెందిన సైట్లు, యజమానుల సంఘాలు దాన్ని చూపించడానికి ముందుకొస్తాయి.

కొండపల్లి బొమ్మలు అమ్మేవారికి ఇంకో దారి ఉంది. తెల్ల పొణికి చెక్కను చెక్కి, విడి భాగాలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించే క్రమాన్ని ఫొటోలు తీసి పెట్టినవారి ఫొటోలు అడగకుండానే ఎన్నో సైట్లలోకి వెళ్లిపోతాయి. గూగుల్ లెన్స్‌లో ఆ ఫొటోను వేసి వెతికితే ఎవరెవరు వాడుకున్నారో బయటపడుతుంది. వారితో తగాదా పడనక్కర్లేదు. ఫొటో కింద పేరు, లింకు పెట్టమని మర్యాదగా అడిగితే చాలామంది పెడతారు. వారు అప్పటికే ఆ ఫొటోను మెచ్చి తీసుకున్నవారే మరి.

ఇప్పటికే ఉన్న పరిచయాలు

కొత్త పేజీలు రాసేలోపు, ఉన్న సంబంధాల నుంచి రావాల్సిన లింకులు కొన్ని ఉంటాయి. ఏలూరు రోడ్డులో పంపుసెట్లో, రంగులో, విద్యుత్ సామగ్రో అమ్మే దుకాణాలు పెద్ద కంపెనీలకు అధీకృత డీలర్లు. ఆ కంపెనీల వెబ్‌సైట్లలో డీలర్ల జాబితా ఉంటుంది. దుకాణం పేరు, ఫోను మాత్రమే ఉండి వెబ్‌సైటు చిరునామా లేకపోతే ఏరియా మేనేజరుకు ఒక మెయిలు పంపితే సరిపోతుంది. వ్యాపార సంఘాల సభ్యుల జాబితాలకూ ఇదే వర్తిస్తుంది.

కళాశాలల విషయం ఇంకా ఎక్కువమందికి తట్టదు. విజయవాడ, గుంటూరుల చుట్టూ ఉన్నన్ని ఇంజినీరింగ్, ఫార్మసీ, డిగ్రీ కళాశాలలు రాష్ట్రంలో చాలాచోట్ల లేవు. కళాశాలల నాణ్యతను మదింపు చేసే న్యాక్ సంస్థ గుర్తింపు కోసం అవి పారిశ్రామిక సందర్శనలు, ఇంటర్న్‌షిప్‌లు, అతిథి ఉపన్యాసాలు, ఒప్పందాల వివరాలను ఆధారాలతో సహా తమ వెబ్‌సైట్లలో పెట్టాల్సి ఉంటుంది. అంటే ఒక శీతల గిడ్డంగికో, ముద్రణాలయానికో విద్యార్థులు వచ్చి చూసి వెళితే దాని నివేదిక కళాశాల సైటులోకి ఎక్కుతుంది. ఆ నివేదికలో సంస్థ పేరుకు లింకు ఇవ్వమని విభాగాధిపతిని కోరవచ్చు. నివేదిక పీడీఎఫ్ రూపంలో ఉన్నా ఫరవాలేదు; పీడీఎఫ్‌లోని లింకులనూ మామూలు పేజీల లింకుల్లాగే చూస్తామని గూగుల్ గతంలో చెప్పింది. అయితే ఒక షరతు. పిల్లలకు నిజంగా ఏదైనా నేర్పాలి. లింకు కోసమే ఒప్పందం మీద సంతకం పెట్టి, గేటు కూడా తెరవకపోతే అది కొన్న లింకుకంటే హీనం.

చిరునామాల దగ్గర జరిగే నష్టం చిన్నదే కానీ సరిచేయడం సులువు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్వ్యవస్థీకరించాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, నరసరావుపేట పల్నాడుకు వెళ్లింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. చాలా డైరెక్టరీల్లో పాత జిల్లా పేర్లే ఉన్నాయి. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట చిరునామాలను లైను, అడ్డరోడ్డు అంకెలతో ఒక్కొక్కరు ఒక్కో తీరుగా రాస్తారు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, జస్ట్‌డయల్, ఇండియామార్ట్, సొంత వెబ్‌సైటు అన్నిటిలో పేరు, చిరునామా, ఫోను ఒకేలా ఉండాలి.

పోగొట్టుకున్న లింకులు

దీని గురించి కాస్త ఎక్కువగానే చెప్పుకోవాలి, ఎందుకంటే అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఫలితమిచ్చే పని ఇదే. మన దగ్గర వ్యాపార వెబ్‌సైట్లు రెండు మూడేళ్లకోసారి డిజైనరును మారుస్తాయి. కొత్త డిజైనరు సైటును అందంగా తయారుచేస్తాడు, పేజీల చిరునామాలన్నీ మారిపోతాయి. పాత పేజీకి ఏదో పత్రికో, కళాశాలో ఇచ్చిన లింకు ఇప్పుడు పేజీ దొరకలేదన్న తెరకు చేరుతుంది. కష్టపడి సంపాదించుకున్న లింకు ఎవరికీ తెలియకుండానే పోయింది. సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనంలో పేజీల నివేదిక తెరిస్తే 404 అని చూపే చిరునామాల జాబితా ఉంటుంది. వాటిలో ఒక్కొక్కదాన్నీ, దానికి సరిపడే కొత్త పేజీకి 301 అనే శాశ్వత దారి మళ్లింపుతో కలపాలి. అన్నిటినీ గుండుగుత్తగా హోం పేజీకి మళ్లిస్తే ప్రయోజనం ఉండదు. తేజ మిర్చి పేజీ చిరునామా తేజ మిర్చి పేజీకే వెళ్లాలి. డిజైనరుకు ఒక పూట పని.

సైటు పేరు అసలు ఎవరి మీద నమోదైందో కూడా అప్పుడే చూసుకోవాలి. డిజైనరు పేరు మీద ఉండి, అతను ఊరు మారిపోయి, గడువు తీరిపోతే ఇన్నేళ్ల లింకులన్నీ ఒక్కరోజులో ఇంకొకరి సొత్తవుతాయి. అలా గడువు తీరిన పేర్లను కొనేందుకు కాచుకుని ఉన్నవారు ఎందరో.

అడిగే తీరు

లింకు అడిగే మెయిళ్లు చాలావరకు చెత్తబుట్టలోకే పోతాయి. ఎదుటివారి పేజీ చదవకుండా, మీ సైటు అద్భుతం అంటూ వందమందికి ఒకే మాట పంపడమే కారణం. పనికొచ్చే లేఖ మూడు నాలుగు వాక్యాలు మించదు. ఒక వ్యవసాయ పత్రిక సంపాదకుడికి ఇలా రాయవచ్చు: “నమస్కారమండీ. మిర్చి నిల్వ గురించి మీరు ప్రచురించిన వ్యాసంలో తేమ శాతం ప్రస్తావన ఉంది, కొలిచే పద్ధతి లేదు. మా గిడ్డంగిలో మేము కొలిచే తీరును ఫొటోలతో ఈ పేజీలో పెట్టాం. మీ పాఠకులకు ఉపయోగపడుతుందనిపిస్తే ఆ వాక్యం దగ్గర చేర్చగలరు. పొరపాట్లు కనిపిస్తే చెప్పండి, సరిదిద్దుకుంటాం.” ఆయన వ్యాసంలో ఏ ఖాళీని ఈ పేజీ పూరిస్తుందో లేఖలో స్పష్టంగా ఉంది. లింకు వేసే మాటలను ఆయనకే వదిలేయాలి. జవాబు రాకపోతే పది రోజులాగి ఒక్కసారి గుర్తుచేయవచ్చు, అంతకుమించి వద్దు. మా సైటుకు మీరు, మీ సైటుకు మేము అని బేరం పెట్టడం మొదలైతే అది లింకుల మార్పిడి. నిజంగా కలిసి పనిచేసే ఇద్దరు వ్యాపారులు ఒకరి గురించి ఒకరు రాసుకోవడంలో తప్పులేదు. దాన్నే పనిగా పెట్టుకుని పదుల సంఖ్యలో చేస్తే గూగుల్ దాన్ని లింకు మోసాల్లో జమకడుతుంది.

ఫలితాన్ని చూడటం

మంచి లింకు పడిన మర్నాడే ర్యాంకు మారదు. ముందు గూగుల్ ఆ పేజీని మళ్లీ చదవాలి, లెక్క కట్టాలి. వారాలు పట్టవచ్చు, పోటీ ఉన్న సరుకైతే నెలలు పట్టవచ్చు. సెర్చ్ కన్సోల్‌లోని లింకుల నివేదికలో ఎవరెవరు లింకు ఇచ్చారో, ఏ పేజీకి ఎక్కువ వచ్చాయో కనిపిస్తుంది. అది సంపూర్ణ జాబితా కాదు, నమూనా మాత్రమే. అందులో తెలియని చెత్త సైట్లు కొన్ని కనిపిస్తే కంగారు పడి డిసవోవ్ సాధనం వాడేయకూడదు. లింకులను తిరస్కరించే ఆ సాధనం 2012 అక్టోబరు నుంచి ఉంది. చాలా సైట్లకు దాని అవసరమే రాదని గూగుల్ కూడా చెబుతోంది. గతంలో ప్యాకేజీలు కొని, దాని మీద గూగుల్ నుంచి చర్య నోటీసు వచ్చినవారికే అది ప్రధానంగా పనికొస్తుంది. తెలియక వాడితే మంచి లింకులను చేజేతులా కొట్టేసుకున్నట్టవుతుంది.

ర్యాంకుతో పాటు చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. ఆ లింకు ద్వారా సైటుకు ఎంతమంది వచ్చారు, సంస్థ పేరుతో వెతికేవారు పెరిగారా, ఏ పేజీ చూశాక ఫోను చేశారు. మొదటి రెండు సెర్చ్ కన్సోల్‌లో, గూగుల్ అనలిటిక్స్‌లో దొరుకుతాయి. మూడోది ఏ సాధనమూ సరిగ్గా చెప్పదు. దుకాణంలో విచారణలు రాసుకునే పుస్తకంలో ఒక గడి పెంచి, ఫోను చేసిన ప్రతివారినీ మా గురించి ఎక్కడ చూశారండీ అని అడిగి రాసుకుంటే, తర్వాతి పేజీ దేని గురించి రాయాలో ఆ గడిలోనే కనిపిస్తుంది.